సాల్మన్ నదిలో నిలబడే చోటు



న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ నగరం దాటి ఉత్తరంగా ఇంకో ముప్పావుగంట కారులో పోతే పులాస్కీ అనే ఊరు వస్తుంది. రెండువేల చిల్లర జనాభా. ఏడాదిలో చాలా రోజులు అక్కడ పెద్దగా సందడి ఉండదు. సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా మాత్రం, శనివారం తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లినా కారు నిలపడానికి జాగా దొరకడం కష్టం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ నంబరు ప్లేట్లు వరసగా కనిపిస్తాయి. తలకు దీపం కట్టుకుని, రొమ్ముదాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుని, గాలం కర్రలు పట్టుకుని జనం చీకట్లోనే ఏటివైపు నడుస్తుంటారు. అందరూ వచ్చింది సాల్మన్ చేప కోసం. ఆ ఏటి పేరు కూడా సాల్మన్ నదే.

ఆ నది మీద రద్దీ గురించి, ఆ రద్దీలో మనుషులు నడుచుకునే తీరు గురించి ఈ రోజు మాట్లాడతాను. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో స్థిరపడిన మనవాళ్లలో కూడా శని, ఆదివారాల్లో గాలం పట్టుకుని బయల్దేరేవాళ్లున్నారు. వాళ్లు ఈ మాటలు వినాలని నా కోరిక. గాలం ముట్టనివాళ్లు కూడా వినొచ్చు. అందరికీ చెందిన ఒక చోట వందలమంది ఒకేసారి చేరితే ఏం జరుగుతుందన్నది ఒక్క చేపల వేటకు సంబంధించిన విషయం కాదు.

ముందు చేప సంగతి. ఈ నది టగ్ హిల్ పీఠభూమి మీద పుట్టి పడమటికి పారి ఒంటారియో సరస్సులో కలుస్తుంది. సరస్సులో మూడు నాలుగేళ్లు పెరిగిన చినూక్ సాల్మన్ చేపలు, వాటితోపాటు కోహో సాల్మన్, శరత్కాలంలో గుడ్లు పెట్టడానికి ఏరెక్కుతాయి. చినూక్ పెద్ద చేప. ఇరవై పౌన్లు తూగేవి మామూలుగానే పడుతుంటాయి. 1991లో ఇక్కడ పడిన చినూక్ 47 పౌన్ల 13 ఔన్సులు తూగి రాష్ట్ర రికార్డు అయింది. 1989లో పులాస్కీలో పడిన 33 పౌన్ల 4 ఔన్సుల కోహో ప్రపంచ రికార్డు. ఈ అంకెలు విన్నవాడికి కాళ్లు ఊరికే ఉండవు.

మన గోదావరి పులస కూడా వరద నీటికి ఎదురీది వచ్చే చేపే. అయితే ఒక పెద్ద తేడా ఉంది. పులస గుడ్లు పెట్టాక మళ్లీ సముద్రానికి వెళ్లిపోగలదు. పసిఫిక్ సాల్మన్‌కు తిరుగు ప్రయాణం లేదు. ఏట్లోకి వచ్చాక మేత మానేస్తుంది, ఒంట్లో ఉన్న కొవ్వునే కరిగించుకుంటూ ఈదుతుంది, గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే చచ్చిపోతుంది. ఈ తేడాను మనసులో ఉంచుకోండి. ఆ నది ఒడ్డున జరిగే పాడుపనులు చాలావాటికి సాకు ఇదే.

ఇప్పుడు ఒడ్డుకు రండి. ఊళ్లోని వంతెన మీద నిలబడి చూస్తే కిందంతా మనుషులే. ఒక మంచి మడుగు దగ్గర ఈ గట్టున పాతికమంది, ఆ గట్టున పాతికమంది, భుజానికి భుజం రాసుకునేంత దగ్గరగా ఉంటారు. ఇంగ్లీషులో దీనికి ‘కాంబాట్ ఫిషింగ్’ అని పేరు పెట్టారు. యుద్ధమే అన్నమాట. అంత దగ్గరగా నిలబడి గాలం వేయడం అసాధ్యమనుకుంటాం కానీ, పద్ధతి తెలిసినవాళ్ల మధ్య అది సాధ్యమే, చూడముచ్చటగా కూడా ఉంటుంది. అందరూ ఒకే వరసలో, ఒకే కోణంలో, ఎగువకు గాలం విసురుతారు. దారం నీటివాలుకు కిందికి వస్తుంది. అందరూ ఇంచుమించు ఒకేసారి తీసి, మళ్లీ ఒకేసారి విసురుతారు. ఎవరికైనా చేప పడితే ‘ఫిష్ ఆన్’ అని గట్టిగా కేక వేస్తాడు. ఆ కేక వినగానే అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ దారాలు చుట్టేసుకుని, ఒక అడుగు వెనక్కి వేసి దారి ఇస్తారు. అతను చేప వెంట దిగువకు నడుస్తాడు. చేపను ఒడ్డుకు చేర్చి తిరిగి వచ్చేదాకా అతని చోటు అతనిదే. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు. ఆ ఏట్లో ఏళ్ల తరబడి వేటాడేవాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు.

ఈ కట్టుబాటు తెంచేవాడు ఒక్కడు చాలు. పక్కవాడి చేప కొట్టుకుంటూ ఉండగానే ఒకడు దానిమీదుగా గాలం విసురుతాడు. రెండు దారాలు మెలికపడతాయి, చేప తెంపుకుని పోతుంది, ఇద్దరూ అరుచుకుంటారు. ఇంకొకడు, తెల్లవారకముందు నుంచీ చలిలో నిలబడ్డవాడికి సరిగ్గా దిగువన, అడగకుండా, పలకరించకుండా నీళ్లలోకి దిగిపోతాడు. పైవాడి గాలం పోయే నీళ్లన్నీ ఇప్పుడు కిందివాడివే. మరొకడు ఆ గట్టుకు చేరాలని మడుగు మధ్యలోంచే నడుచుకుపోతాడు, అక్కడున్న చేపలన్నీ చెదిరిపోతాయి. నలుగురు స్నేహితులు వచ్చారంటే ఒకడు పోయినా ముగ్గురు చోటు కాస్తూ, పొద్దున నుంచి పొద్దుగూకే వరకు ఒకే మడుగును పట్టుకు కూర్చుంటారు. మాటా మాటా పెరిగి చొక్కాలు పట్టుకోవడం దాకా పోయిన సందర్భాలు నేను చూశాను. సెలవు పెట్టుకుని, అయిదారు గంటలు కారు నడుపుకుని, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వచ్చిన ఒక తండ్రి ఆ తిట్లు వినలేక పిల్లాడి చేయి పట్టుకుని తిరిగి వెళ్లిపోవడం చూశాను. ఆ కుర్రాడు మళ్లీ ఏటి దగ్గరికి రాకపోతే తప్పు ఎవరిది?

మనుషుల మధ్య తగవు ఒక ఎత్తు. చేప పట్ల చేసేది ఇంకో ఎత్తు. దీనికి చరిత్ర ఉంది, అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఈ నదిలో ఇప్పుడున్న సాల్మన్ ఇక్కడ పుట్టిన జాతి కాదు. ఒకప్పుడు ఒంటారియో సరస్సులో దాని సొంత చేప, అట్లాంటిక్ సాల్మన్, లెక్కకు మిక్కిలిగా ఉండేది. తెల్లవాళ్లు వచ్చి స్థిరపడ్డాక కొయ్య కోసే మిల్లులకు, పిండి మిల్లులకు నదులకు అడ్డంగా ఆనకట్టలు కట్టారు. అడవులు కొట్టేశారు, నీళ్లు వేడెక్కాయి, గులకరాళ్ల మీద బురద పేరుకుంది. ఎదురీదలేక ఆగిపోయిన చేపలను రాత్రిళ్లు దివిటీల వెలుగులో బల్లేలతో పొడిచారు, వలలతో ఊడ్చారు. 19వ శతాబ్దం ముగిసేసరికి ఆ చేప సరస్సులో లేకుండాపోయింది. అప్పుడు కూడా ఎవరికి వాళ్లు ఇన్ని చేపలున్నాయి కదా, నేను తీసుకునే నాలుగింటితో ఏమవుతుందని అనుకునే ఉంటారు.

తరువాత సముద్రం నుంచి వచ్చిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేప ఒంటారియో వంటి పెద్ద సరస్సుల్లో విపరీతంగా పెరిగి, గుట్టలుగా చచ్చి ఒడ్లకు కొట్టుకురావడం మొదలైంది. దాన్ని తినే పెద్ద చేపలు దాదాపు మిగల్లేదు. 1966లో మిషిగన్ రాష్ట్రం పసిఫిక్ తీరం నుంచి తెచ్చిన కోహో పిల్లలను వదిలి చూసింది. అవి అద్భుతంగా పెరిగాయి. న్యూయార్క్ 1968లో కోహోలను, ఆ మరుసటి ఏడాది చినూక్‌లను వదిలింది. 1980లో ఈ నది ఒడ్డునే, ఆల్ట్‌మార్ అనే ఊళ్లో, పెద్ద హేచరీ మొదలైంది. ఇప్పటికీ ప్రతి అక్టోబరులో చేపలు మెట్లు మెట్లుగా ఉన్న నీటి కాలువ ఎక్కి అందులోకి వస్తాయి. అక్కడ గుడ్లు తీసి పొదిగిస్తారు. పిల్లలను తీసుకెళ్లి చూపించదగ్గ చోటు అది.

అయితే మొదటి ఏళ్లలో ప్రభుత్వమే ఒక పని చేసింది. ఈ చేప ఎలాగూ మేత ముట్టదు, ఎలాగూ చస్తుంది, కాబట్టి గాలంతో గీరి లాగి పట్టుకోవచ్చని అనుమతించింది. ‘స్నాగింగ్’ అంటారు దాన్ని. సీసం పోసిన పెద్ద మూడు కొక్కేల గాలాన్ని చేపల గుంపు మీదుగా విసిరి ఒక్క గుంజు గుంజడమే. వీపుకో, పొట్టకో, తోకకో గుచ్చుకుంటుంది. ఎర అక్కర్లేదు, నేర్పు అక్కర్లేదు. ఆ రోజుల్లో వచ్చినవాళ్లు వచ్చినంత లాక్కుపోయారు. గాయపడి తప్పించుకున్న చేపలు పుండ్లతో ఈదుతూ కనిపించేవి. గుడ్ల కోసం పొట్ట చీల్చి, మిగతా చేపను ఒడ్డున పారేసి పోవడం కూడా అప్పుడే అలవాటైంది. నిషేధించాలన్న మాట వచ్చినప్పుడు, అలా చేస్తే జనం రారు, ఊరు మాడిపోతుందని చాలామంది గొడవ చేశారు. 1995లో నిషేధం పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఊరు మాడిపోలేదు. జనం వస్తూనే ఉన్నారు. శరత్కాలపు సాల్మన్ తరువాత, గుడ్ల వెంట ఏరెక్కే స్టీల్‌హెడ్ ట్రౌట్ కోసం మంచు కురిసే నెలల్లోనూ వస్తున్నారు.

నేను ఈ నది కథను ఇంత ప్రేమగా చెప్పడానికి కారణం ఇదే. మనుషుల అలవాటు మారదు అనేవాళ్లకు ఈ ఏరే సమాధానం. మారింది, మా కళ్లముందే మారింది.

కానీ పూర్తిగా మారలేదు. పాత పని కొత్త వేషం వేసుకుంది. ఇప్పుడు ఆ మూడు కొక్కేల గాలం లేదు, సాధారణంగా ఒంటి గాలమే వాడాలి, దాని సైజుకు హద్దుంది, సీసం బరువు గాలానికి ఎంత దూరంలో ఉండొచ్చో దానికీ హద్దుంది, రాత్రి వేట లేదు. నోట్లో కాక ఒంటి మీద ఇంకెక్కడ గుచ్చుకున్నా ఆ చేపను వెంటనే వదిలేయాలి. అయినా కొందరు పొడుగాటి దారం కట్టి, చేపల మందలోంచి అడ్డంగా పోనిచ్చి, చివర్న గట్టిగా గుంజుతారు. నీళ్లు మింగుతూ నోరు తెరిచి మూసే చేప నోట్లోకి దారం జారి, గాలం బయటి నుంచి దవడకు గుచ్చుకుంటుంది. దీనికి ‘లైనింగ్’ అని పేరు. చూడ్డానికి నోట్లో పడ్డట్టే ఉంటుంది, కాబట్టి చట్టానికి దొరకడం కష్టం. కానీ ఆ గుంజుళ్లలో నోట్లో పడేది ఒకటైతే రెక్కకో తోకకో పడేవి ఎన్నో. తోకకు గుచ్చుకున్న ఇరవై పౌన్ల చేప నీటివాలుకు పరుగు పెడితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అది వరసంతా చిందరవందర చేస్తుంది. రద్దీలో సగం గొడవలకు మూలం ఈ గుంజుడే అని నా నమ్మకం. నిజంగా ఎరను కరిచిన చేప ఇంత గోల చేయదు.

అడిగితే వచ్చే జవాబు మాత్రం పాతదే. ఎలాగూ చచ్చే చేపే కదా అంటారు.

ఈ మాటకు నేను గట్టిగా అడ్డం చెప్పదలచుకున్నాను. చచ్చేది గుడ్లు పెట్టాక. ఆడ చినూక్ పక్కకు వాలి, తోకతో గులకరాళ్లను తవ్వి గుంట చేస్తుంది. అందులో నాలుగైదు వేల గుడ్లు పెట్టి మళ్లీ రాళ్లు కప్పుతుంది. వసంతంలో ఆ రాళ్ల సందుల్లోంచి పిల్లలు బయటికి వస్తాయి. 1990లలో ఎగువన ఉన్న విద్యుత్ ఆనకట్టలకు కొత్త లైసెన్సు ఇచ్చేటప్పుడు, ఏట్లోకి ఎప్పుడూ కనీసం ఇంత నీరు వదలాలని షరతు పెట్టారు. అప్పటి నుంచి ఈ నదిలో సహజంగా పుట్టే పిల్లలు బాగా బతుకుతున్నాయి. హేచరీ పిల్లలన్నిటికీ గుర్తు పెట్టి వదిలి కొన్నేళ్లు లెక్క చూస్తే, ఒంటారియో సరస్సులోని చినూక్‌లలో సుమారు సగం హేచరీవి కావని, నదుల్లో పుట్టినవేనని తేలింది. అంటే ‘ఎలాగూ చచ్చే’ ఆ చేప కడుపులో ఉన్నది నాలుగేళ్ల తరువాత మనకు పడబోయే చేప. ఆ గులకరాళ్ల గూడు మీద బూట్లతో తొక్కుకుంటూ నడిచేవాడు దాన్ని ఇవాళే తొక్కేస్తున్నాడు. తేరుకోవడానికి చోటివ్వకుండా రోజంతా గుంజి వేధిస్తే గుడ్లు పెట్టకుండానే అలసి చచ్చేవీ ఉంటాయి.

తినడానికే పట్టుకుంటున్నాం అనేవాళ్లకూ ఒక మాట. ఒంటారియో సరస్సు చేపల్లో పీసీబీలు, మైరెక్స్ వంటి రసాయనాలు ఉన్నాయని న్యూయార్క్ ఆరోగ్యశాఖ ఏనాటినుంచో హెచ్చరిస్తోంది. ఎవరు ఎంత తినొచ్చో, ముఖ్యంగా పిల్లలు, బిడ్డల్ని కనే వయసు ఆడవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో చెబుతుంది. చదవండి. మంచుపెట్టె నింపుకుని పోయే చేపలు కాదివి.

రద్దీకి ఒక విరుగుడు ఉంది, దాన్ని కూడా ఈ నదే చూపిస్తోంది. సరస్సుకు దగ్గరగా ఉన్న సుమారు రెండున్నర మైళ్ల ఏరు డగ్లస్టన్ అనే ప్రైవేటు ఎస్టేటుది. రోజుకు ఇంత అని డబ్బు కట్టాలి, రోజుకు ఇంతమందే అని హద్దు ఉంటుంది. దీనిమీద వేట గైడ్లకు, యజమానులకు మధ్య దావా నడిచి రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాకా పోయింది. 1997లో కోర్టు, ఆ నీటిలో పడవ మీద పోయే హక్కు అందరిదీ, కానీ చేపలు పట్టే హక్కు యజమానిదేనని తీర్పు చెప్పింది. అక్కడ వేటాడినవాళ్లు హాయిగా ఉందంటారు. ఉంటుంది. డబ్బుతో కొనుక్కున్న ఖాళీ ఎప్పుడూ హాయిగానే ఉంటుంది. కానీ అందరి ఒడ్డున మర్యాద చచ్చిపోతే మిగిలే దారి అదొక్కటే అవుతుందని నా భయం. ఎగువన పన్నెండు మైళ్ల దాకా ఒడ్డు వెంట వేటాడే హక్కును ప్రభుత్వం భూయజమానుల దగ్గర ప్రజల కోసం కొని పెట్టింది. ఆ ఒడ్డు మీద చెత్త, చేప పేగులు, నైలాన్ దారపు ఉండలు, కాఫీ కప్పులు పారేసి పోతుంటే, ఇంకో భూయజమాని తన గట్టు మీద జనాన్ని ఎందుకు రానిస్తాడు?

ఇది ఒక్క న్యూయార్క్ గొడవ కాదు. అలాస్కాలో కీనై నదిలో రష్యన్ నది కలిసేచోట ఎర్ర సాకై సాల్మన్ ఎక్కే రోజుల్లో ఇదే వరస, ఇదే తోపులాట. అక్కడ జనం తొక్కిడికి ఒడ్డున గడ్డి పోయి, మట్టి కోసుకుపోయి, చేపపిల్లలు దాక్కునే నీడ లేకుండా పోయింది. చివరికి గట్టుకు కంచెలు కట్టి, చెక్క నడవాలు, మెట్లు వేసి, ఇక్కడే దిగాలి అని చెప్పాల్సి వచ్చింది. పారేసిన చేపముక్కల కోసం గోధుమరంగు ఎలుగుబంట్లు మనుషుల మధ్యకే వస్తాయి. అక్కడ శుభ్రత మర్యాదతో ఆగదు, ప్రాణానికి సంబంధించింది.

చివరగా మన సంగతి. ఒడ్డున గొడవ జరిగినప్పుడల్లా, బయటివాళ్లు వచ్చి పాడు చేశారు అనే మాట వినపడుతుంది. కొన్నిసార్లు ఆ ‘బయటివాళ్లు’ అన్న చూపు మన రంగు మీద పడుతుంది. అది అన్యాయం. గుంజేవాళ్లలో ఆ ఊరివాళ్లున్నారు, కేక వినగానే మొదట దారం చుట్టుకునేవాళ్లలో నిన్నగాక మొన్న వచ్చినవాళ్లున్నారు. అయినా కొత్తగా వచ్చేవాడికి ఈ కట్టుబాటు ఎవరో ఒకరు చెప్పాలి. పుట్టుకతో రాదు. నాకు ఒడ్డున ఒక ముసలాయన చెప్పాడు. విసుక్కోకుండా, నా పక్కన నిలబడి, ఎప్పుడు విసరాలో చేత్తో చూపించి చెప్పాడు.

అందుకే ఈ శరత్కాలంలో వెళ్లేవాళ్లను కోరుతున్నాను. పదహారేళ్లు నిండినవాళ్లు లైసెన్సు తీసుకోండి, ఒక్క రోజుకు కూడా ఇస్తారు. ఆ ఏడాది నిబంధనలు చదివి వెళ్లండి, అవి మారుతూ ఉంటాయి. వీలైతే శని, ఆదివారాలు మాని మంగళ, బుధవారాల్లో వెళ్లండి. నీళ్లలోకి దిగే ముందు అక్కడున్నవాళ్లను “ఇక్కడ నిలబడొచ్చా?” అని అడగండి. కాదంటే ఇంకో మడుగు చూసుకోండి. పక్కవాడికి చేప పడితే దారం చుట్టేయండి. నోటికి కాక ఇంకెక్కడ గుచ్చుకున్నా, ఎంత పెద్ద చేపైనా, వదిలేయండి. గులకరాళ్లు కొత్తగా తిరగేసినట్టు తెల్లగా కనిపించే చోట అడుగు పెట్టకండి. మీరు తెచ్చిన చెత్తతోపాటు పక్కవాడు పారేసిన దారపు ఉండ కూడా తీసుకుపొండి. ఎవరైనా అడ్డంగా గుంజుతూ కనిపిస్తే కలబడకండి, రాష్ట్ర పర్యావరణ పోలీసులకు ఫోన్ చేయండి. కొత్తగా వచ్చి తికమకపడుతున్న మనిషి మీ పక్కన ఉంటే, అతను ఏ దేశం వాడైనా సరే, తిట్టకముందు నేర్పండి.